ఆఫీసు పనిమీద ఊరెళ్లే మహిళలకు: తేలికైన సామాను, తెలివైన ప్రయాణం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు రెండు నుంచి ఐదు రోజుల ఆఫీసు ప్రయాణాల కోసం. విమాన ప్రయాణానికి సంబంధించిన నియమాలు సంస్థను బట్టి, దేశాన్ని బట్టి మారతాయి. మేం చెప్పిందానికీ మీ టికెట్టు మీద ఉన్నదానికీ తేడా వస్తే టికెట్టు మీద ఉన్నదే లెక్క.

నాలుగు రోజుల పనికి క్యాబిన్ బ్యాగు ఒక్కటి సరిపోతుందా?

సరిపోతుంది. ఐదు రోజులకైనా సరిపోతుంది. ఇబ్బంది పెట్టేది చోటు కాదు, బరువు.

చాలా సంస్థలు క్యాబిన్ బ్యాగుకు 55 × 40 × 20 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా కొలత పెడతాయి. చక్రాలు, పైకి లాగే పిడి కూడా ఆ కొలతలోకే వస్తాయి. బరువు మాత్రం కొందరు 7 కిలోలంటారు, కొందరు 10 అంటారు, కొందరు అసలు తూచరు. ఏడు కిలోల లెక్కే వేసి చూడండి. చక్రాల బ్యాగు ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలుంటుంది. ల్యాప్‌టాప్, దాని ఛార్జరు కలిస్తే కిలోన్నర నుంచి రెండు. అంటే ఒక్క గుడ్డ ముక్క పెట్టకముందే నాలుగున్నర కిలోలు అయిపోయాయి. మిగిలిన రెండున్నర కిలోల్లోనే బట్టలు, చెప్పులు, సబ్బులు, మందులు అన్నీ సర్దాలి.

అందుకని కొత్త బ్యాగు కొనేటప్పుడు ముందు దాని ఖాళీ బరువు అడగండి. రెండు కిలోల లోపు బ్యాగు దొరికితే, మీరు ఏమీ త్యాగం చేయకుండానే ఒక కిలో మిగిలినట్టు. ల్యాప్‌టాప్‌ను సీటు కింద పట్టే భుజం సంచిలో పెట్టుకుంటే ఇంకొంత వెసులుబాటు దొరుకుతుంది. అయితే కొన్ని సంస్థలు రెండు బ్యాగులనూ కలిపి తూస్తాయి. ఈ సంగతి ముందే చూసుకోవాలి, కౌంటరు దగ్గర కాదు.

ఏం పెట్టుకోవాలో, ఏం వదిలేయాలో ఎలా తేల్చుకోవాలి?

బీరువా దగ్గర కాకుండా మీ క్యాలెండరు దగ్గర మొదలుపెట్టండి. ఏ రోజు ఎవరిని కలుస్తున్నారు, ఎక్కడ, సాయంత్రం ఏదైనా విందు ఉందా, ఫ్యాక్టరీలోనో సైట్‌లోనో తిరగాలా? రోజుకో వరుసలో రాయండి. ఆ వరుసల్లో లేని సందర్భానికి బట్టలు పెట్టకండి. ‘ఒకవేళ ఎక్కడికైనా పిలిస్తే’ అని పెట్టిన డ్రెస్సు పది ప్రయాణాల్లో తొమ్మిదిసార్లు మడత విప్పకుండానే ఇంటికి వస్తుంది.

మిగతా వస్తువులకు ఒకటే పరీక్ష: ఇది లేకపోతే ఏమవుతుంది? హోటల్లో అడిగితే ఇస్తారు, లేదా దగ్గర్లో అరగంటలో కొనుక్కోవచ్చు అంటే వదిలేయండి. ఆ పరీక్షలో నిలబడేవి చాలా కొద్ది: రోజూ వేసుకునే మందులు, కళ్లద్దాలు, గుర్తింపు పత్రాలు, ల్యాప్‌టాప్ ఛార్జరు, ముఖ్యమైన మీటింగుకు వేసుకునే ఒక జత, మీ కొలతకు సరిపోయే లోదుస్తులు. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తెలియని ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి సరైన సైజు బ్రా వెతకడం అంత తేలిక కాదు.

బట్టల లెక్క ఎంత?

నాలుగు రోజులకు, ఒంటిమీద ఉన్నవాటితో కలిపి:

- ప్యాంట్లు రెండు, లేదా ఒక ప్యాంటు, ఒక స్కర్టు
- టాపులు నాలుగు
- బ్లేజరు లేదా మర్యాదగా కనిపించే జాకెట్టు ఒకటి
- రాత్రి వేసుకునేది ఒక జత (గది తలుపు తీయాల్సి వచ్చినా ఇబ్బంది లేనిది)
- లోదుస్తులు ఐదు, బ్రాలు రెండు
- పెద్ద స్కార్ఫు ఒకటి. విమానంలో దుప్పటి, ఏసీ మీటింగు గదిలో శాలువా, సాయంత్రానికి అలంకారం.

రెండు కింది బట్టలు, నాలుగు పైబట్టలు కలిపితే ఎనిమిది జతలు. కానీ ప్రతి టాపూ రెండింటి మీదకూ నప్పితేనే ఈ లెక్క కుదురుతుంది. కింద వేసుకునేవన్నీ ఒకే ముదురు రంగు కుటుంబంలో ఉంచండి. నలుపైతే నలుపే, నేవీ అయితే నేవీయే. రెండూ పెట్టుకుంటే చెప్పులూ బెల్టూ కూడా రెండేసి అవుతాయి.

ఎక్కువగా పొరపాటు జరిగేది ‘ఒంటరి’ బట్టలతో. తెల్లటి పల్చటి టాపు ఒకటి పెట్టారనుకోండి. దానికి ఒంటిరంగు బ్రా కావాలి, లోపల స్లిప్ కావాలి, అది ఆ ఒక్క ప్యాంటు మీదకే బాగుంటుంది, ఆ ప్యాంటుకు వేరే చెప్పులు కావాలి. ఒక టాపు వెంట నాలుగు వస్తువులు వచ్చాయి. దాన్ని తీసేస్తే నాలుగూ పోతాయి.

ముడత పడని బట్టను ఎలా గుర్తుపట్టాలి?

బట్ట అంచును పిడికిట్లో గట్టిగా నలిపి పదిహేను సెకన్లు పట్టుకోండి. వదిలాక గీతలు అలాగే ఉండిపోతే పెట్టెలోనూ అంతే. లినెన్, సన్నటి నూలు, విస్కోస్ ఈ పరీక్షలో ఓడిపోతాయి. పాలిస్టర్ క్రేప్, కొద్దిగా ఎలాస్టేన్ (సాగే దారం) కలిసిన బట్ట, అల్లిన బట్టలు గెలుస్తాయి. మెరినో ఉన్ని రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన పట్టదు, ఖరీదు మాత్రం ఎక్కువ. పాలిస్టర్‌కు ముడత పట్టదు గానీ చెమటలోని జిడ్డును పట్టి ఉంచుకుంటుంది, అందుకే త్వరగా వాసనొస్తుంది. చంకల దగ్గర బిగుతుగా ఉండే టాపుకు పాలిస్టర్ వద్దు.

గీతలు, చిన్న చిన్న డిజైన్లు ఉన్న బట్టలో ముడతా కనబడదు, మరకా కనబడదు. మొదటి రోజు మీటింగుకు సాదా రంగు, ఆఖరి రోజుకు డిజైన్ ఉన్నది ఉంచుకుంటే మంచిది.

మడతపెట్టాలా, చుట్టాలా?

అల్లిన బట్టలు, నైట్‌డ్రెస్సు, లోదుస్తులు చుట్టండి. నేసిన బట్టలు, ఇస్త్రీ గీత ఉన్న ప్యాంట్లు మడవండి. చుట్టడం వల్ల చోటు కలిసొస్తుంది, బరువు తగ్గదు.

బ్లేజరును ఒంటిమీద వేసుకుని వెళ్లడమే మేలు: దాని బరువు పెట్టెలోంచి తప్పుతుంది, జేబులూ పనికొస్తాయి. సర్దక తప్పకపోతే గుండీలు విప్పి, జేబులు ఖాళీ చేసి, ఎడమ భుజాన్ని లోపలి వైపు బయటికొచ్చేలా తిరగేయండి. కుడి భుజాన్ని తిరగేయకుండా ఆ ఎడమ భుజంలోకి దూర్చండి. ఇప్పుడు లైనింగు బయటికి, పైబట్ట లోపలికి ఉంటుంది. నిలువుగా సగమైన బ్లేజరు మధ్యలో చుట్టిన టాపు ఒకటి పెట్టి, అడ్డంగా ఒక్కసారే మడవండి. ఆ చుట్ట వల్ల మడత దగ్గర పదునైన గీత పడదు.

బరువైనవి చక్రాల వైపు ఉండాలి. చెప్పులు పైన పెడితే బ్యాగు నిలబెట్టినప్పుడల్లా అవి కిందికి జారి బట్టలన్నిటినీ నలిపేస్తాయి.

అక్కడికెళ్లాక ముడతలు కనిపిస్తే?

వెళ్లగానే బట్టలను హ్యాంగరుకు తగిలించండి, మర్నాడు పొద్దున కాదు. రాత్రంతా వేలాడితే సగం ముడతలు వాటంతటవే పోతాయి. మిగతావాటికి స్నానాల గదిలో తలుపు మూసి, వేడినీళ్ల షవరు పదిహేను నిమిషాలు తిరగనిచ్చి, ఆవిరిలో వేలాడదీయండి. తర్వాత చేత్తో కిందికి సాగదీయండి. ఈ పద్ధతి ఉన్ని, పాలిస్టర్‌ల మీద బాగా పనిచేస్తుంది. నూలు మీద అంతగా పనిచేయదు, దానికి ఇస్త్రీపెట్టే గతి. హోటల్ ఇస్త్రీపెట్టెను ముందు పాత తువ్వాలు మీద ఒకసారి రుద్దండి. అడుగున అంటుకున్న మసి తెల్ల టాపుకు అంటితే వదలదు.

గదిలో ఉతుక్కుంటే పొద్దుటికి ఆరుతాయా?

లోదుస్తులు, సన్నటి సింథటిక్ టాపులు ఆరతాయి. జీన్సు, మందపాటి నూలు ఆరవు. కిటుకు పిండడంలో ఉంది: ఉతికిన బట్టను పొడి తువ్వాలు మీద పరిచి, రెండింటినీ కలిపి గట్టిగా చుట్టి, ఆ చుట్టను మోకాలితో అదమండి. నీళ్లన్నీ తువ్వాలుకు దిగిపోతాయి. తర్వాత గాలి తగిలేచోట తగిలిస్తే చాలు. సింకు బిరడా సరిగా పట్టకపోవడం మామూలే, జిప్ కవరులో నీళ్లు, నాలుగు చుక్కల షాంపూ వేసి పిసికితే పనైపోతుంది.

చెప్పులు ఎన్ని జతలు?

రెండు. బరువైనవి కాళ్లకు, తేలికైనవి పెట్టెలో. కొత్త చెప్పులతో ఎప్పుడూ బయల్దేరకండి. పెట్టెలో పెట్టే జతలో మేజోళ్లు, ఛార్జరు తీగలు కూరితే చోటు వృథా కాదు, ఆకారమూ చెడదు.

ద్రవాల విషయంలో 100 మిల్లీలీటర్ల నియమం సరిగ్గా ఏమిటి?

2006లో విమానాల్లో ద్రవ పేలుడు పదార్థాలు పెట్టే కుట్ర బయటపడ్డాక ఈ నియమం వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో క్యాబిన్ సామానులోని ఏ ద్రవమైనా 100 మి.లీ. మించని సీసాలో ఉండాలి. అవన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో పట్టాలి. చూసేది సీసా సైజు. 200 మి.లీ. సీసా అడుగున 20 మి.లీ. మిగిలినా తీసి పక్కన పడేస్తారు. క్రీము, జెల్, టూత్‌పేస్టు, మస్కారా, లిప్‌గ్లాస్, స్ప్రే అన్నీ ద్రవాలే. లిప్‌స్టిక్, పౌడరు, సబ్బు బిళ్ల ద్రవాలు కావు. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాలు ఈ నియమాన్ని సడలించాయి గానీ, తిరుగు ప్రయాణంలోని విమానాశ్రయం సడలించకపోవచ్చు. అందుకని పాత నియమం ప్రకారమే సర్దుకోండి.

నిజానికి 100 మి.లీ. కూడా ఎక్కువే. నాలుగు రోజుల వాడకం లెక్కేస్తే:

- షాంపూ: ఒక్కో తలస్నానానికి 10 మి.లీ. చొప్పున రెండుసార్లకు 20
- ఫేస్‌వాష్: పూటకు 2 మి.లీ. చొప్పున 16
- మాయిశ్చరైజరు: 10 నుంచి 15
- సన్‌స్క్రీన్: ముఖానికి, మెడకు పూటకు 2 మి.లీ. చొప్పున రెండు పూటలా 16
- టూత్‌పేస్టు: 10 గ్రాములు

మొత్తం కలిపి 80 మి.లీ. కూడా దాటలేదు. పదిహేను, ముప్పై మి.లీ. బుడ్డీలు చాలు. ఫౌండేషన్, కంటి క్రీము లాంటివి కాంటాక్ట్ లెన్స్ డబ్బీ రెండు గుంటల్లో సరిపోతాయి. గుంటల మీద పేర్లు రాసి ఉంచండి, తెల్ల క్రీములన్నీ ఒకేలా ఉంటాయి.

మూత గట్టిగా పెట్టినా విమానంలో సీసాలు ఎందుకు కారుతున్నాయి?

గాలి వల్ల. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు పడిపోతుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి లోపలి ద్రవాన్ని మూత సందుల్లోంచి బయటికి నెడుతుంది. మెత్తటి సీసాను కొద్దిగా నొక్కి, గాలి బయటికి పోయాక, అలా నొక్కి ఉంచుతూనే మూత బిగించండి. మూత కింద చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి బిగిస్తే ఇంకా మంచిది. పంపు సీసాలు ప్రయాణానికి పనికిరావు. సగం ఖాళీ అయిన గాజు సీసా నిండు సీసా కంటే ఎక్కువగా కారుతుంది.

హెయిర్ డ్రయ్యరు, స్ట్రెయిట్‌నరు తీసుకెళ్లాలా?

డ్రయ్యరు వద్దు, ఎక్కువ హోటళ్లలో ఉంటుంది. బుక్ చేసేటప్పుడు అడిగి చూసుకోండి.

స్ట్రెయిట్‌నరు వేరే దేశానికి తీసుకెళ్తుంటే దాని పిడి మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. ‘100–240 వోల్టులు’ అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, సాకెట్టుకు సరిపోయే అడాప్టరు ఉంటే చాలు. ఒకే వోల్టేజి రాసి ఉంటే అక్కడే ఆగిపోండి. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. 120 వోల్టుల పరికరాన్ని 230 వోల్టులకు పెడితే దాదాపు నాలుగింతల కరెంటు శక్తి లాగుతుంది, క్షణాల్లో మాడిపోతుంది. 230 వోల్టులది 120కి పెడితే కాలదు, అలాగని వేడీ ఎక్కదు. స్నానాల గదిలో ‘షేవర్లకు మాత్రమే’ అని రాసిన సాకెట్టుకు స్ట్రెయిట్‌నరు పెట్టకండి, అది కొద్దిపాటి శక్తికే పనికొస్తుంది.

బయల్దేరే రోజు పొద్దున స్ట్రెయిట్‌నరు పని ముందు ముగించి, ఆ తర్వాత మిగతా పనులు చూసుకోండి. చల్లారడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. వేడి పలకలు సింథటిక్ టాపుకు తగిలితే టాపే కరుగుతుంది.

పవర్ బ్యాంకుకు పరిమితి ఎంత?

100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి కొలత) వరకు అనుమతి అడగక్కర్లేదు. 100 నుంచి 160 వరకు సంస్థ అనుమతి కావాలి. మీ పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ (mAh) మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 10,000 అయితే 37, 20,000 అయితే 74. రెండూ పరిమితిలోపే. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును ఆపేస్తారు.

పవర్ బ్యాంకు ఎప్పుడూ క్యాబిన్‌లోనే, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: విమానం నిండిపోయిందని గేటు దగ్గర మీ క్యాబిన్ బ్యాగును కిందికి పంపమంటారు. అప్పుడు పవర్ బ్యాంకు, మందులు, నగలు, పాస్‌పోర్టు తీసుకోవడానికి మీకు ఒక్క నిమిషమే ఉంటుంది. వీటన్నిటినీ ఒకే చిన్న సంచిలో, జిప్ తీయగానే పైన కనిపించేలా పెట్టుకోండి. అలా అడిగినప్పుడు ఆ సంచి పట్టుకుని మిగతాది వదిలేయొచ్చు.

పెళ్లి తర్వాత ఇంటిపేరు మారింది. టికెట్టు ఏ పేరు మీద తీసుకోవాలి?

ప్రయాణంలో చూపించే పత్రం మీద ఏ పేరుంటే ఆ పేరు మీద. ఆఫీసు రికార్డుల్లో కొత్త పేరుండి, పాస్‌పోర్టులో పాత పేరుంటే, ట్రావెల్ డెస్కు వాళ్లు ఆఫీసు రికార్డు చూసి బుక్ చేసేస్తారు. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. పెళ్లి సర్టిఫికెట్టు వెంట ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చెక్-ఇన్‌లో వాళ్లు పోల్చి చూసేది టికెట్టును, పాస్‌పోర్టును. ఆఫీసు పోర్టల్‌లోనూ, విమానయాన సంస్థ ఖాతాలోనూ పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున ఉండే యంత్రం చదివే వరుసలో ఉన్నట్టే పేరు పెట్టించండి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉందా లేదా అన్నదీ అప్పుడే చూసుకోండి, చాలా దేశాలు అడుగుతాయి.

ప్రయాణంలో నెలసరి వస్తే?

వచ్చే తేదీ కాకపోయినా రెండు రోజులకు సరిపడా ప్యాడ్లో, మీరు వాడేవో భుజం సంచిలో ఉంచండి. ప్రయాణాలు, నిద్ర తేడాలు తేదీని ముందుకు జరపొచ్చు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవారికి సామాను ఇంకా తగ్గుతుంది, 12 గంటల వరకు ఉంచుకోవచ్చు. టాంపన్ అయితే 8 గంటలు దాటనివ్వకూడదు. విమానంలో గాలి ఒత్తిడికి కప్పు కారుతుందన్నది అపోహ. ప్రయాణం రోజున మొదటిసారి కప్పు ప్రయత్నించడం మాత్రం వద్దు, అలవాటయ్యేందుకు రెండు మూడు నెలలు ఇంట్లో వాడాలి.

నెలసరిని వాయిదా వేసే మాత్రలను డాక్టరును అడగకుండా వేసుకోకండి. వాటిని తేదీకి మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి అవి పడవు. రేపు ప్రయాణమనగా ఈరోజు ఆలోచిస్తే కుదరని పని.

గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నాను. టైమ్ జోన్ మారితే?

ఫోనులో ఇంటి సమయానికే అలారం పెట్టి, అక్కడ అది ఏ వేళైతే ఆ వేళకు వేసుకోండి. అర్ధరాత్రి పడితే డాక్టరుతో మాట్లాడి కొంచెం ముందే వేసుకునేలా జరుపుకోవచ్చు, ఆలస్యంగా వేసుకోవడం కంటే అదే క్షేమం. ప్రొజెస్టొజెన్ అనే హార్మోను ఒక్కటే ఉండే మాత్రల్లో కొన్ని మూడు గంటలు ఆలస్యమైనా లెక్క తప్పుతాయి, కొన్నిటికి 12 గంటల వెసులుబాటు ఉంటుంది. మీది ఏ రకమో అట్ట మీద చూసుకోండి.

ఏ మందైనా అసలు అట్టలోనే, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లండి. అందులో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు ఉండాలి. కొడీన్, ట్రామడాల్, సూడోఎఫిడ్రిన్ లాంటివి కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి లేకుండా తీసుకురానివ్వరు. మామూలు జలుబు మాత్రలోనే సూడోఎఫిడ్రిన్ ఉండొచ్చు.

పాలిచ్చే తల్లిని. బిడ్డ ఇంట్లో ఉంటే పాలు ఎలా?

చాలా దేశాల్లో తల్లిపాలకు 100 మి.లీ. నియమం వర్తించదు. అమెరికాలో బిడ్డ వెంట లేకపోయినా తీసుకెళ్లనిస్తారు. బ్రిటన్‌లో గడ్డకట్టించిన పాలను క్యాబిన్‌లోకి రానివ్వరు. అందుకే వెళ్లేచోటి నియమాన్ని ప్రింటు తీసి పెట్టుకుంటే తనిఖీ దగ్గర వాదన తప్పుతుంది. సామాను స్కానింగుకు పెట్టకముందే ‘తల్లిపాలున్నాయి’ అని చెప్పి విడిగా పెట్టండి.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఐస్ ప్యాకులున్న కూలరు సంచిలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయి. హోటల్ గదిలో ఉండే మినీ ఫ్రిజ్‌ను నమ్మొద్దు, చాలావాటిలో తగినంత చల్లదనం ఉండదు. రిసెప్షన్‌లో అడిగి వంటగది ఫ్రిజ్‌లో పెట్టించండి, డబ్బా మీద పేరు, తేదీ, సమయం రాయండి.

మీటింగులు పెట్టేవారికి ముందే చెప్పి మూడు గంటలకోసారి అరగంట విరామం క్యాలెండరులో వేయించుకోండి. మొహమాటపడి ఒక విడత తప్పిస్తే గడ్డకట్టి, నొప్పి, జ్వరం దాకా వస్తుంది. పంపుకు విడి వాల్వు ఒకటి అదనంగా పెట్టుకోండి. వేలి గోరంత ఉండే ఆ రబ్బరు ముక్క సింకులో జారిపోతే పంపు మొత్తం పనికిరాకుండా పోతుంది.

గర్భిణిగా ఉన్నప్పుడు ఎంతవరకు వెళ్లొచ్చు?

డాక్టరు సరేనంటే వెళ్లొచ్చు. ఎక్కువ సంస్థలు 28 వారాలు దాటాక డాక్టరు లేఖ అడుగుతాయి. ఒకే బిడ్డయితే సుమారు 36 వారాలు, కవలలైతే 32 వారాల తర్వాత ఎక్కనివ్వరు. తిరుగు ప్రయాణం తేదీకి ఎన్ని వారాలవుతుందో లెక్కేసుకోండి.

కాళ్లు వాస్తున్నాయి. ఏం చేయాలి?

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వేసుకునేవారికి, గర్భిణులకు, ఈమధ్యే ప్రసవించినవారికి ఇంకాస్త ఎక్కువ. నడవా పక్క సీటు తీసుకుని గంటకోసారి లేవండి, మోకాలి కిందిదాకా వచ్చే 15–20 ఎంఎంహెచ్‌జీ (బిగుతు కొలత) కంప్రెషన్ మేజోళ్లు వేసుకోండి. రెండు కాళ్లూ సమంగా వాస్తే మామూలే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పుడితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

హోటల్ గదిలో దిగగానే ఏం చూసుకోవాలి?

రిసెప్షన్‌లో మీ గది నంబరు పైకి చదివితే, వేరే గది ఇచ్చి నంబరు కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇది అతి జాగ్రత్త కాదు, మంచి హోటళ్లలో వాళ్లే పైకి చెప్పరు. గ్రౌండ్ ఫ్లోరు గది వద్దనండి.

గదిలోకి వెళ్లేటప్పుడు బ్యాగును తలుపుకు అడ్డంగా పెట్టి, తలుపు తెరిచి ఉండగానే స్నానాల గది, అల్మరా, పరదాల వెనక చూడండి. తర్వాత లోపలి గడియ నిజంగా పడుతోందా, పక్క గదికి తలుపు ఉంటే అది తాళం వేసి ఉందా, కిటికీ మూసుకుంటోందా? ఏది తేడాగా ఉన్నా సామాను విప్పకముందే గది మార్పించుకోండి, విప్పాక బద్ధకం వస్తుంది. తలుపు కన్నానికి లోపలి నుంచి చిన్న కాగితం అంటించండి. తలుపు కింద దూర్చే రబ్బరు ఆపు వంద గ్రాములు కూడా ఉండదు, లోపలికి తెరుచుకునే తలుపుకు బాగా పనిచేస్తుంది. బయటికి తెరుచుకునేదానికి పనికిరాదు.

మెట్లదారి దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. పొగ నిండితే కళ్లకు కనబడదు, చేత్తో తడిమి వెళ్లాలి.

అడగకుండా ఎవరైనా ‘రూమ్ సర్వీస్’ అని తలుపు తడితే తీయకుండా రిసెప్షన్‌కు ఫోను చేసి అడగండి.

ట్యాక్సీ ఎక్కేటప్పుడు?

నంబరు ప్లేటు సరిచూశాక, ‘ఎవరి కోసం వచ్చారు?’ అని డ్రైవరునే అడగండి. మీ పేరు మీరే చెప్పి ‘మీరేనా?’ అంటే ఎవరైనా అవునంటారు. వెనక సీట్లో కూర్చునే ముందు తలుపు లోపలి నుంచి తెరుచుకుంటోందో లేదో చూడండి, చైల్డ్ లాక్ పడి ఉండొచ్చు. ట్రిప్పు వివరాలు ఇంట్లో ఒకరికి పంపండి. రాత్రి ఆలస్యంగా దిగే విమానమైతే కారును ముందే హోటల్ ద్వారా చెప్పించుకోవడం మేలు, ఈ ఖర్చుకు ఏ ఆఫీసూ అడ్డు చెప్పకూడదు.

‘ఏ హోటల్లో దిగారు?’ అని బయటివాళ్లు అడిగితే?

‘మా ఆఫీసు వాళ్లు దగ్గర్లోనే ఇప్పించారు’ అంటే చాలు. పేరు చెప్పాల్సిన అవసరం లేదు, అబద్ధమూ ఆడక్కర్లేదు.

డబ్బు, కార్డులు ఎలా పెట్టుకోవాలి?

రెండు కార్డులు, రెండు వేర్వేరు చోట్ల. హోటల్ డిపాజిట్టుకు డెబిట్ కార్డు ఇస్తే ఆ మొత్తం ఖాతాలో కొన్ని రోజులు బిగుసుకుపోతుంది, క్రెడిట్ కార్డు ఇవ్వండి. విదేశంలో కార్డు మిషను ‘మీ సొంత కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా?’ అని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి, లేకపోతే మారకం రేటు వాళ్లు పెట్టిందే అవుతుంది. బిల్లులను ఏ రోజుకారోజు ఫొటో తీయండి. థర్మల్ కాగితం మీది అక్షరాలు వేడికి, చేతి క్రీముకు వెలిసిపోతాయి.

బ్యాగు చెక్-ఇన్ చేయక తప్పలేదు. అది రాకపోతే?

బయటికి రాకముందే, బెల్టు దగ్గరి కౌంటరులో ఫిర్యాదు రాయించి రిఫరెన్సు నంబరు తీసుకోండి. ఇంటికెళ్లి ఫోను చేద్దామనుకుంటే పని కష్టమవుతుంది. బయల్దేరే ముందు బ్యాగు బయటి ఫొటో, లోపల సర్దిన ఫొటో తీసి ఉంటే అప్పుడు పనికొస్తాయి. ట్యాగు మీద ఫోను నంబరు, ఈమెయిల్ చాలు. ఇంటి చిరునామా రాస్తే ఆ ఇంట్లో మీరు లేరని అందరికీ చెప్పినట్టే.

1999 మాంట్రియల్ ఒప్పందం కింద జరిగే అంతర్జాతీయ ప్రయాణాల్లో, బ్యాగు పాడైతే చేతికందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్, దాని విలువ రోజూ మారుతుంది. బ్యాగు ఆలస్యమైనప్పుడు తప్పనిసరై కొన్న టాపు, లోదుస్తులు, టూత్‌బ్రష్ బిల్లులు దాచండి, అవసరానికి తగ్గట్టు ఉంటే ఆ డబ్బు అడగొచ్చు. మొదటి మీటింగుకు వేసుకునే జత మాత్రం ఎప్పుడూ భుజం సంచిలోనే ఉండాలి.